మెదడుకు దెబ్బ తగిలితే మేధ పుడుతుందా?

మొట్టికాయ పడితే గాని బుద్ధి రాదని నమ్మిన పంతుళ్ళ దగ్గర ఓనమాలు దిద్దిన తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. వారి సిద్ధాంతానికి శాస్త్రీయమైన ఆధారం ఏదీ లేదు. అయినప్పటికీ, మేధ అనేది మనిషికి బయటి నుండి, ఒక్క క్షణంలో వచ్చి పడవచ్చుననే ఊహ మన సంస్కృతిలో లోతుగా నాటుకొని ఉన్నది. చదువురాని వాని నాలుక మీద కాళికాదేవి బీజాక్షరాలు వ్రాసిన వెంటనే అతడు కాళిదాసు అయినాడన్న కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఇటీవలి దశాబ్దాలలో ఈ కథే శాస్త్రవేషం ధరించి పత్రికలలోనూ టెలివిజన్‌లోనూ తరచు దర్శనమిస్తున్నది. ఒకాయన కొలనులో తలక్రిందులుగా పడి లేచి పియానో విద్వాంసుడు అయినాడట. ఇంకొకాయన వీధి రౌడీల చేతిలో దెబ్బలు తిని గణిత రేఖాచిత్రాలు గీయసాగినాడట. ఇందులో నిజమెంత? నిజమున్నచోట దాని వెల ఎంత? ఈ వ్యాసంలో విచారించదలచినది ఇదే.

ముందుగా చెప్పవలసిన మాట, ఇటువంటి సంఘటనలు పూర్తిగా కట్టుకథలు కావు. వైద్యులు దీనికి ‘అక్వైర్డ్ సావంత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టినారు. సావంత్ అంటే ఫ్రెంచి భాషలో పండితుడు. పుట్టుకతోనే మానసిక వికాసంలో లోపమున్నా లెక్కలలోనో, సంగీతంలోనో, చిత్రలేఖనంలోనో అసాధారణమైన శక్తి కనబరచేవారు ఒక తెగ. ‘రెయిన్ మ్యాన్’ (1988) అనే చలనచిత్రం చూసినవారికి ఈ తెగ పరిచయమే. మామూలుగా పుట్టి పెరిగి, తలకు గాయమైన తరువాతనో పక్షవాతం వచ్చిన తరువాతనో అటువంటి శక్తిని ప్రదర్శించేవారు రెండవ తెగ. ఆ చిత్రానికి సలహాదారుగా ఉన్న అమెరికన్ మానసిక వైద్యుడు డారల్డ్ ట్రెఫర్ట్ తన జీవితమంతా ఇట్టివారి వివరాలు సేకరించినారు. 2015లో ప్రచురించిన పట్టికలో ఆయనకు ప్రపంచం మొత్తం మీద దొరికినవారు 319 మంది. వారిలో గాయం వలన గాని, జబ్బు వలన గాని శక్తి సంపాదించినవారు 32 మంది మాత్రమే. ఈ సంఖ్య పక్కన ఇంకొక సంఖ్యను పెట్టి చూడండి. ఒక్క బ్రిటన్‌లోనే మెదడుకు ఏదో ఒక విధమైన హాని జరిగి ఆసుపత్రిలో చేరే సందర్భాలు ఏటా సుమారు మూడున్నర లక్షలు. ట్రెఫర్ట్ పట్టికకు ఎక్కనివారు చాలామందే ఉండవచ్చును గాక. అయినా లాటరీ టిక్కెట్టు కొనేవాడి ఆశ కూడా ఇంతకన్న కొంత సబబుగానే కనబడుతుంది.

మనిషి తన మెదడులో పదవ వంతే వాడుకొంటాడని, తక్కిన తొమ్మిది వంతులు నిద్రపోతూ ఉంటాయని ఒక మాట చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. పిల్లల వ్యక్తిత్వ వికాస తరగతులలో ఇప్పటికీ చెబుతున్నారు. ఇది శుద్ధ తప్పు. శరీరం బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే ఉండే మెదడు, శరీరం ఖర్చు చేసే శక్తిలో ఇంచుమించు ఐదవ వంతును తానే హరిస్తుంది. పని చేయని అవయవానికి ప్రకృతి అంత భత్యం ఇవ్వదు. దెబ్బ తగిలినప్పుడు తలుపు తెరుచుకొని బయటికి వచ్చే ‘నిద్రాణమైన తొమ్మిది వంతులు’ ఏవీ లేవు. మరి జరిగేది ఏమిటి?

దీనికి మనకు అతి సమీపంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. హారోకు దక్షిణాన, థేమ్స్ నది ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్‌లో 1830లో పుట్టిన ఎడ్వర్డ్ మగ్గరిడ్జ్ అనే యువకుడు అమెరికా వెళ్ళి, శాన్ ఫ్రాన్సిస్కోలో పుస్తకాల వ్యాపారం చేసుకొంటూ ఉండేవాడు. పరిచయస్థుల మాటలలో అతడు కలుపుగోలు మనిషి, నమ్మకమైన వ్యాపారి. 1860 జులైలో గుర్రపు బండిలో తూర్పు తీరానికి బయలుదేరినాడు. టెక్సాస్‌లో గుర్రాలు అదుపు తప్పి, బండి ఒక చెట్టుకు కొట్టుకొన్నది. బండిలో నుండి ఎగిరిపడిన అతని తలకు తీవ్రమైన గాయమైంది. ఆయన చెప్పుకొన్న ప్రకారం, తెలివి వచ్చేసరికి తొమ్మిది రోజులు గడిచినవి. ప్రమాదస్థలానికి ఎంతో దూరంలో ఒక మంచం మీద ఉన్నాడు. ప్రతి వస్తువూ రెండుగా కనిపించేది. రుచి, వాసన తెలియలేదు. చికిత్స కోసం లండన్ తిరిగివచ్చి, అప్పటి ప్రసిద్ధ వైద్యుడు విలియం గల్‌కు చూపించుకొన్నాడు. ఆరుబయట తిరిగే పని పెట్టుకోమని ఆ వైద్యుడు సలహా ఇచ్చినట్లు చెబుతారు.

ఆ తరువాత కొద్ది సంవత్సరాలకు అమెరికా తిరిగివెళ్ళిన మనిషి పుస్తకాల వ్యాపారి కాడు. ఛాయాగ్రాహకుడు. పేరు కూడా మార్చుకొని ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అయినాడు. యోసెమిటీ లోయలో, చూసేవారికి కళ్ళు తిరిగే కొండ అంచుల మీద నిలబడి దృశ్యాలు తీసినాడు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడుస్తాయా అన్న ప్రశ్నకు 1878లో, వరుసగా నిలబెట్టిన కెమెరాలతో సమాధానం చెప్పినాడు. విడుస్తాయి! ఆ బొమ్మలను చక్రం మీద త్రిప్పి తెరపై చూపించే యంత్రం కూడా తయారు చేసినాడు. చలనచిత్రానికి తాతల్లో ఒకడు. 1887లో వెలువడిన ఆయన గ్రంథంలో మనుషులు, జంతువుల కదలికలను చూపే ఫలకాలు 781. చివరికి కింగ్‌స్టన్‌కే తిరిగివచ్చి 1904లో మరణించినాడు.

ఇంతవరకు వింటే కాళిదాసు కథే. కాని రెండవ పార్శ్వం ఉన్నది. 1874 అక్టోబరులో మైబ్రిడ్జ్ తన భార్యకు సన్నిహితుడైన ఒక వ్యక్తి ఉన్నచోటికి వెళ్ళి, అతనిని తుపాకితో కాల్చి చంపినాడు. విచారణలో ఆయన స్నేహితులు సాక్ష్యం చెబుతూ, ప్రమాదానికి పూర్వం ఉన్న మనిషికీ తరువాతి మనిషికీ పోలికే లేదన్నారు. చీటికి మాటికి కోపం, పొంతన లేని మాట, ప్రాణభయం లేని తెగింపు. మతి చలించిందన్న వాదాన్ని జూరీ ఒప్పుకోలేదు; హత్య సమర్థనీయమంటూ విడిచిపెట్టినది. ఇది 1875 నాటి అమెరికన్ న్యాయం. దానిమీద మన వ్యాఖ్యానం అనవసరం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు మనోవిజ్ఞాని ఆర్థర్ షిమమురా 2002లో ఈ సాక్ష్యాలన్నిటినీ పరిశీలించి, కంటిగూళ్ళకు పైన ఉండే ఫ్రాంటల్ భాగం దెబ్బతిని ఉండవచ్చునని అభిప్రాయపడినారు. వాసన పోవడం కూడా దానికి సరిపోతుంది. ఘ్రాణనాడులు ఆ భాగాన్ని ఆనుకొనే ఉంటాయి. మన కోరికలకు, కోపానికి పగ్గం వేసే ప్రాంతం అదే.

నూటయాభై ఏళ్ళ నాటి గాయాన్ని ఇప్పుడు స్కాన్ తీసి చూడలేము. ఫోటోగ్రఫీ మీద మక్కువ గాయం వలన పుట్టినదో, వైద్యుడు చెప్పిన ఆరుబయటి జీవితం వలన పుట్టినదో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. నా మట్టుకు నాకు రెండూ కలిసినాయనే అనిపిస్తుంది. కెమెరా పట్టుకోవడం, గాజు పలకకు రసాయనం పూయడం ఏ దెబ్బా నేర్పదు. ఆ పని ఆయన కష్టపడి నేర్చుకొన్నాడు. కొండ అంచున కాళ్ళు వణకకపోవడం మాత్రం బహుశా దెబ్బ ఇచ్చినదే.

ఫోటోగ్రఫీ ప్రస్తావన హారోవాసులకు కొత్త కాదు. వీల్డ్‌స్టోన్‌లో 1891లో ప్రారంభమైన కొడాక్ కర్మాగారం 2016 వరకు నడిచింది. రసాయనశాస్త్రం చదువుకొన్నవాణ్ణి గనుక ఈ విషయాన్ని ఆ చీకటిగది పరిభాషలోనే చెప్పడానికి అనుమతించండి. ఫిలిం మీద వెలుతురు పడిన వెండి లవణపు రేణువులను నల్లని వెండిగా మార్చే ద్రావణం డెవలపర్. అందులో హైడ్రోక్వినోన్ వంటి పదార్థం పని చేస్తుంది. సోడియం కార్బొనేట్ వంటి క్షారం దాన్ని తొందరపెడుతుంది. వీటితోపాటు చిటికెడు పొటాషియం బ్రోమైడ్ కూడా కలుపుతారు. దాని పని అడ్డుకోవడం. వెలుతురు తగలని రేణువుల జోలికి డెవలపర్ పోకుండా అది కాపలా కాస్తుంది. బ్రోమైడ్ వేయడం మరచిపోయినారనుకోండి. బొమ్మ త్వరగానే వస్తుంది. మామూలుగా కనబడని మసక వివరాలు కూడా కొన్ని పైకి తేలవచ్చును. కాని బొమ్మంతా పొగమంచు కమ్మినట్లు బూడిదరంగు తేరుతుంది. అడ్డు తీసివేసినందువలన కలిగిన లాభమూ నష్టమూ ఒకే పలక మీద కనిపిస్తాయి.

మెదడులోనూ సరిగ్గా ఇటువంటి ఏర్పాటే ఉన్నది. ఒక నాడీకణం ఇంకొకదానిని ‘కానీ’ అని పురికొల్పడానికి వాడే ప్రధాన రసాయనం గ్లుటమేట్. మనం వంటలో వాడే అజినోమోటోలో ఉన్నది కూడా ఇదే. అయితే తిన్నది తిన్నట్లుగా మెదడుకు చేరదు లెండి. ‘ఆగు’ అని చెప్పే ప్రధాన రసాయనానికి ‘గాబా’ అని పేరు. విచిత్రమేమిటంటే, ఈ నిరోధకాన్ని మెదడు ఆ ప్రేరకం నుండే తయారు చేసుకొంటుంది. ఒక ఎంజైము, బి6 విటమిన్ సాయంతో, గ్లుటమేట్ అణువు నుండి ఒక్క కార్బన్ డయాక్సైడ్‌ను ఊడగొడుతుంది. అంతే, ‘కానీ’ కాస్తా ‘ఆగు’ అవుతుంది. ఇంత చిన్న మార్పుతో ఇంత పెద్ద పని జరిపించుకొనే ప్రయోగశాలను నేను ఇంకెక్కడా చూడలేదు. ఆరోగ్యవంతమైన మెదడులో ఈ రెండింటి మధ్య తూకం క్షణక్షణమూ సరిచూడబడుతూ ఉంటుంది. ఒక ప్రాంతం ఇంకొక ప్రాంతాన్ని అదుపులో ఉంచుతుంది. అదుపు చేసే ప్రాంతం దెబ్బతింటే అదుపులో ఉన్నది విజృంభిస్తుంది. బ్రిటన్‌లో పని చేసిన మనోనాడీ నిపుణుడు నరీందర్ కపూర్ 1996లో ఇటువంటి ఉదాహరణలను ఒకచోట చేర్చి సమీక్షించినారు. హాని జరిగినచోట మేలు కనబడే ఈ వైపరీత్యం అప్పటి నుండి గంభీరమైన పరిశోధనాంశమైంది.

ఈ ఊహకు బలమైన సాక్ష్యం గాయాల నుండి కాక ఒక జబ్బు నుండి వచ్చింది. ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా అనే మతిమరుపు జాతి వ్యాధిలో మెదడు ముందు భాగం, కణతల వైపు భాగం క్రమంగా క్షీణిస్తాయి. 1990 దశకంలో అమెరికన్ వైద్యుడు బ్రూస్ మిల్లర్, ఈ రోగులలో కొందరు అంతకు ముందు కుంచె పట్టినవారు కాకపోయినా, జబ్బు ముదిరేకొద్దీ బొమ్మలు వేయసాగడం గమనించినారు. భాషకు ఆయువుపట్టయిన ఎడమ కణత భాగం క్షీణిస్తూ ఉంటే, దృశ్యాలను చూసుకొనే వెనుక భాగం విడుదల పొందుతున్నట్లు ఆయన భావించినారు. ఆయన బృందం పరిశీలించినవారిలో కెనడాకు చెందిన ఆన్ ఆడమ్స్ అనే జీవశాస్త్రజ్ఞురాలు ఒకరు. ఆమె ప్రయోగశాల విడిచి చిత్రలేఖనానికి అంకితమయ్యారు. ఫ్రెంచి స్వరకర్త రావెల్ రచించిన ‘బొలేరో’ను స్వరం స్వరంగా రంగులలోకి మార్చి 1994లో ఒక అద్భుతమైన చిత్రం వేసినారు. ఆమెకు మాట తడబడడం మొదలైనది ఆ తరువాత కొన్నేళ్ళకు. 2007లో ఆమె మరణించినారు. కుంచె ముందు వచ్చింది, రోగనిర్ధారణ తరువాత వచ్చింది. ఈ క్రమాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మళ్ళీ దీని దగ్గరకు రావలసి ఉన్నది.

ఆస్ట్రేలియాలో ఏలన్ స్నైడర్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆరోగ్యవంతుల తలపై ఎడమవైపు అయస్కాంత స్పందనలు ప్రయోగించి, ఆ ప్రాంతాన్ని కొద్దిసేపు మందగింపజేసినారు. తెరపై క్షణకాలం మెరిసి మాయమయ్యే చుక్కలెన్నో చెప్పమంటే, 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 12 మందిలో 10 మంది మునుపటికన్న మెరుగుగా చెప్పినారు. ఆ నేర్పు ఎంతోసేపు నిలవలేదు. పన్నెండుమంది అంటే మరీ చిన్న సంఖ్య. ఈ ప్రయోగాన్ని చూపించి ‘మేధను పెంచే టోపీ’ అమ్మజూపేవారు వస్తే, ద్వారం దగ్గరనే నమస్కారం పెట్టి పంపివేయడం మంచిది.

ఈ దేశంలోని మరొక ఉదాహరణ లివర్‌పూల్ ప్రాంతానికి చెందిన టామీ మక్‌హ్యూ. గృహనిర్మాణపు పనివాడు. 2001లో, 51 ఏళ్ళ వయస్సులో, మెదడు పైపొరల క్రింద రక్తస్రావమై శస్త్రచికిత్స జరిగింది. కోలుకొన్న తరువాత మాటలు ప్రాసలుగా రాసాగినవి. పుటలకు పుటలు కవిత్వం వ్రాసినాడు. పిమ్మట బొమ్మలు. కాగితం చాలక ఇంటి గోడలు, గోడలు చాలక కప్పు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్క్ లిత్‌గో బృందం ఆయనను పరీక్షించి 2005లో ఒక నివేదిక ప్రచురించినది. తెలివితేటలు మామూలుగానే ఉన్నవి. తగ్గినది మాటకూ ఊహకూ పగ్గం వేసుకొనే నేర్పు. తనలోని కఠినత్వం కరగిపోయిందని, లోకం అందంగా కనబడుతున్నదని ఆయన సంతోషంగానే చెప్పుకొనేవాడు. కాని రోజంతా, రాత్రంతా ఆపలేకుండా బొమ్మలు వేసే మనిషితో కాపురం చేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చును. ఆ దాంపత్యం నిలవలేదు. 2012లో మరణించే వరకు ఆయన కుంచె దింపలేదు.

ఇందుకు భిన్నమైనది ఎముకల వైద్యుడు టోనీ సికోరియా కథ. 1994లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆయన మీద పిడుగు పడింది. కొన్ని వారాలకు పియానో సంగీతం మీద ఎడతెగని దాహం పట్టుకొన్నది. ఈ కథను లోకానికి చెప్పినవారు వైద్యుడు, రచయిత ఆలివర్ సాక్స్. ఆయన పుట్టింది మన పొరుగున ఉన్న క్రికిల్‌వుడ్‌లోనే. చిన్నతనంలో ఆయనకు రసాయనశాస్త్రం అంటే పిచ్చి ప్రేమ అన్నది నాకు ఒక అదనపు సంతోషం. సాక్స్ వ్రాసినదానిని శ్రద్ధగా చదివితే, పిడుగు సికోరియాకు ఇచ్చినది దాహం మాత్రమేనని తెలుస్తుంది. విద్య కోసం ఆయన తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి సాధన చేసి, తరువాత ఆసుపత్రికి వెళ్ళేవాడు. బాల్యంలో కొద్దిపాటి పియానో పాఠాలు కూడా అయినవి. మన అవధానులకు ఎనిమిదిమంది పృచ్ఛకుల ప్రశ్నలు ఏకకాలంలో నిలుపుకొనే ధారణ ఎట్లా వచ్చిందని ఎవరైనా అడిగితే, వచ్చే సమాధానం ఇంతకన్న భిన్నంగా ఉండదు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వద్దాము. ఆరు నెలలు పిల్లల దగ్గర గడపడానికి హారోకో స్లవ్‌కో వచ్చిన నాన్నగారు, డెబ్బై ఏళ్ళ వయస్సులో, ఎన్నడూ లేనిది హఠాత్తుగా బొమ్మలు వేయడమో, పద్యాలు అల్లడమో మొదలుపెట్టినారనుకోండి. చాలా సందర్భాలలో అది తీరిక దొరికిన మనస్సు పండించుకొన్న పంట, సంతోషించవలసిన విషయం. కాని దానితోపాటు తెలిసిన వస్తువుల పేర్లు తోచకపోవడం, పదిమందిలో అనరాని మాటలు అనడం, తీపి కోసం వెంపర్లాడడం, ఎదుటివారి బాధ పట్టకపోవడం కూడా కనబడితే సంబరాన్ని కాసేపు పక్కన పెట్టాలి. ఆన్ ఆడమ్స్ విషయంలో ఏది ముందు, ఏది వెనుక వచ్చినదో చెప్పుకొన్నాము. ‘పెద్దవాళ్ళయ్యారు, చాదస్తం’ అని కొట్టివేయడమూ, ‘సరస్వతీ కటాక్షం’ అని మురిసిపోవడమూ రెండూ కూడా వైద్యుని దగ్గరకు వెళ్ళవలసిన కాలాన్ని హరించేవే.

తలకు గాయమై ఇంటికి వచ్చినవారి విషయంలో పొరపాటు ఇంకొక విధంగా జరుగుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో హెల్మెట్ లేకుండా మోటారు సైకిలు మీద నుండి పడిన తమ్ముడు, కుట్లు విప్పిన తరువాత చూడటానికి బాగానే ఉంటాడు. నడుస్తాడు, మాట్లాడుతాడు. అయితే చిన్న మాటకు కంచం విసిరికొడతాడు; చేసే పని మధ్యలో వదలివేస్తాడు. ‘మనిషి మారిపోయాడు, పొగరెక్కింది’ అంటారు బంధువులు. మైబ్రిడ్జ్ స్నేహితులు కోర్టులో వర్ణించినది ఈ మార్పునే. ఇది అతని స్వభావదోషం కాకపోవచ్చును. అదుపు చేసే ప్రాంతానికి తగిలిన గాయం కావచ్చును. అటువంటివానికి టెలివిజన్‌లో చూసిన పియానో విద్వాంసుని కథ చెప్పి, ‘నీకు ఏ శక్తి వచ్చింది?’ అని అడగడం క్రూరత్వం. అతనికి కావలసినవి నిద్ర, నియమమైన దినచర్య, ఒకసారికి ఒకే పని, ఓపిక గల మనుషులు. బొమ్మలు వేయాలనో, మృదంగం వాయించాలనో అతనికే అనిపిస్తే అడ్డు చెప్పనక్కరలేదు. అందులో దొరికే ఊరట నిజమైనదే, ప్రతిభ ఉన్నా లేకపోయినా.

ఈ దేశంలో ఉన్నవారికి మొదటి మెట్టు జి.పి. దగ్గరకు వెళ్ళడమే. అక్కడి నుండి నాడీవైద్యునికో, మనోనాడీ నిపుణునికో పంపమని అడగవచ్చును. 1979లో స్థాపితమైన హెడ్‌వే అనే స్వచ్ఛంద సంస్థ గాయపడినవారికే కాక వారి కుటుంబాలకు కూడా సలహా ఇస్తుంది. వెళ్ళేటప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకొనిపోండి. ప్రమాదానికి లేదా జబ్బుకు ముందు మనిషి ఎట్లా ఉండేవాడు, ఏ నెల నుండి ఏమి మారింది, ఏమి పోయింది, కొత్తగా ఏమి వచ్చింది అన్నవి తేదీలతో వ్రాసి ఉంచండి. పరీక్షగదిలో పది నిమిషాలు మాట్లాడే వైద్యునికి, ఇరవై ఏళ్ళు కలిసి బ్రతికినవారు వ్రాసిన నాలుగు పుటలు ఎంతో ఉపయోగపడతాయి. అమ్మానాన్నలకు ఇంగ్లీషు అంతగా రాకపోతే తెలుగు దుబాసీ కావాలని ముందుగానే ఆసుపత్రివారిని కోరండి. మాట తడబాటును పరీక్షించవలసినది వారి సొంత భాషలో. పరాయి భాషలో తడబడినవారిని చూసి ఏ నిపుణుడూ ఒక నిర్ణయానికి రాలేడు.